ఫిలిప్పీన్స్‌లోని స్పానిష్ కాలపు చర్చిలు: చూడటానికి, ఫొటోలు తీయడానికి వెళ్లేవారు తరచుగా అడిగే ప్రశ్నలు

ఫిలిప్పీన్స్‌లో మెడిసిన్ చదువుతున్న మన పిల్లలు, వాళ్లను చూడటానికి వెళ్లే తల్లిదండ్రులు, సెబు, బొహోల్ టూర్లకు వెళ్లేవారు చాలామంది ఈ చర్చిల ముందు ఒక సెల్ఫీ దిగి, పది నిమిషాల్లో వ్యాన్ ఎక్కేస్తుంటారు. ఇంకో గంట ఆగితే ఏం కనిపిస్తుందో, దాన్ని కెమెరాలోకి ఎలా తెచ్చుకోవాలో, ఎక్కడ కెమెరా దించేయాలో చెప్పడం కోసం ఈ పేజీ. ఇవి మ్యూజియంలు కావు. రోజూ దివ్యబలిపూజ (మాస్) జరిగే గుడులు. ఈ ఒక్క విషయం గుర్తుంటే కింద ఉన్న జవాబుల్లో సగం మీకే తడతాయి.

ఈ చర్చిలు ఏ కాలానివి? ఎవరు కట్టించారు?

1565లో స్పెయిన్ తరఫున మిగెల్ లోపెజ్ దె లెగాజ్పి సెబులో దిగాడు. అప్పటి నుంచి 1898 వరకు ఈ దీవులు స్పెయిన్ పాలనలో ఉన్నాయి. లెగాజ్పితోపాటు అగస్టీనియన్ అనే సన్యాస సభ గురువులు (ఫాదర్లు) వచ్చారు. తర్వాత 1578లో ఫ్రాన్సిస్కన్లు, 1581లో జెస్విట్లు, 1587లో డొమినికన్లు, 1606లో రికొలెక్టులు వచ్చారు. దీవుల్ని ఈ సభలు పంచుకున్నాయి కాబట్టి ఒక్కో ప్రాంతంలో ఒక్కో సభ ముద్ర కనిపిస్తుంది. ఇలోకోస్, పంపాంగా, ఇలోయిలో వైపు ఎక్కువగా అగస్టీనియన్లు, బొహోల్‌లో మొదట జెస్విట్లు, ఆ తర్వాత రికొలెక్టులు.

మొదటి చర్చిలు వెదురు, కలప, నిపా ఆకుల కప్పుతో కట్టినవి. అగ్ని ప్రమాదాలు, తుపాన్లు వాటిని మిగల్చలేదు. ఇప్పుడు మనం చూసే రాతి కట్టడాలు చాలావరకు 17, 18, 19 శతాబ్దాలవి. ఊరి మధ్య ప్లాజా, దానికి ఒక పక్క చర్చి, చర్చిని ఆనుకుని గురువులు ఉండే కొన్వెంటో, ఎదురుగానో పక్కగానో మున్సిపల్ భవనం: పాత ఊళ్లన్నీ దాదాపు ఇదే వరసలో ఉంటాయి.

యునెస్కో గుర్తించిన నాలుగు చర్చిలు ఏవి? నాలుగూ చూడాలా?

1993లో నాలుగు బరోక్ (యూరప్‌లో పుట్టిన, అలంకారాలు ఎక్కువుండే నిర్మాణ శైలి) చర్చిలను కలిపి ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చారు. మనీలా ఇంట్రామురోస్‌లోని శాన్ అగస్టీన్, ఇలోకోస్ సుర్‌లోని శాంటా మరియా, ఇలోకోస్ నోర్తెలోని పవొయ్, ఇలోయిలోలోని మియాగావ్. నాలుగూ ఒకే ప్రయాణంలో చూడనవసరం లేదు, ఎందుకంటే అవి ఒకదానికొకటి చాలా దూరం. కానీ వాటిలో రెండైనా తప్పక చూడండి: మనీలాది ఒకటి, ఊళ్లలోది ఒకటి. ఆ రెండింటికీ ఉన్న తేడా చూస్తేనే ఈ కట్టడాల కథ అర్థమవుతుంది.

శాన్ అగస్టీన్ నిర్మాణం 1586లో మొదలై 1607లో పూర్తయింది. దేశంలో నిలిచి ఉన్న రాతి చర్చిల్లో ఇదే అతి పాతది. బయట ముఖభాగం సాదాగా ఉంటుంది. గేటు దగ్గర చైనా పద్ధతిలో చెక్కిన రాతి సింహాలు కాపలా కాస్తుంటాయి. మొదట రెండు గోపురాలు ఉండేవి. 1863, 1880 భూకంపాల్లో ఎడమ గోపురం దెబ్బతినడంతో దాన్ని తీసేశారు, అందుకే ఇప్పుడు ముఖభాగం ఒక పక్కకు బోసిగా కనిపిస్తుంది. 1898 ఆగస్టులో మనీలాను అమెరికన్లకు అప్పగించే షరతులు సిద్ధమైంది ఈ చర్చి సాక్రిస్టీలోనే (పూజ వస్త్రాలు, సామగ్రి ఉంచే గది). 1945 మనీలా యుద్ధంలో ఇంట్రామురోస్‌లోని మిగతా చర్చిలన్నీ నేలమట్టమైతే ఇదొక్కటే నిలబడింది. లెగాజ్పి సమాధి కూడా లోపలే ఉంది.

పవొయ్ నాకు అన్నింటికన్నా ఇష్టమైనది. 1694లో పని మొదలై 1710లో ముగిసింది. పగడపు రాయి, ఇటుక కలిపి కట్టిన గోడలకు రెండు పక్కలా, వెనకాల కలిపి 24 ఊతగోడలు ఉన్నాయి. ఒక్కోటి దాదాపు 1.67 మీటర్ల మందం. పక్క నుంచి చూస్తే అవి పెద్ద పెద్ద చుట్టలు తిరిగిన అలల్లా కనిపిస్తాయి. పక్కల మధ్య ఉన్న వాటిని మెట్లలా కట్టారు. కప్పు బాగుచేయడానికి మనుషులు పైకెక్కేందుకు అవి పనికొచ్చేవని చెబుతారు. ఇక్కడికి వెళ్లినవారిలో చాలామంది ముందు నుంచి ఫొటో తీసుకుని వచ్చేస్తారు. పవొయ్ అసలు అందం పక్కల్లో ఉంది. చర్చి చుట్టూ ఒకసారి నడిచి రండి.

శాంటా మరియా చర్చి ప్లాజాలో కాకుండా ఊరి పక్క గుట్ట మీద, రక్షణ గోడ మధ్య ఉంటుంది. ఊరివైపు కనిపించేది దాని ముఖభాగం కాదు, పొడవాటి పక్కగోడ. ముఖభాగానికి ఎదురుగా కొన్వెంటో అడ్డంగా ఉండటంతో దూరం నుంచి నిండు ఫ్రేమ్ దొరకదు. కింద నుంచి రాతి మెట్ల వరసతో కలిపి తీయడమే మేలు.

మియాగావ్ 1787 నుంచి 1797 వరకు కట్టిన చర్చి. సముద్రం మీద నుంచి వచ్చే దాడులకు భయపడి కట్టిన కోట అది, గోడలు మీటరున్నర మందం. కానీ ముఖభాగం చూస్తే కోట అనిపించదు. పసుపు, కాషాయం కలిసిన రంగు రాతి మీద పునీత క్రిస్టోఫర్ బాలయేసును భుజాన మోస్తుంటాడు. ఆయన పట్టుకుని నిలబడింది కొబ్బరిచెట్టును. పక్కన బొప్పాయి, జామ చెట్లు. యూరప్ పటాల్లో ఈ పునీతుడు నది దాటుతుంటే చేతిలో కర్ర ఉంటుంది, ఇక్కడి శిల్పి తన పెరట్లో ఉన్న చెట్టునే ఇచ్చాడు. మియాగావ్ వెళ్తే జూమ్ లెన్స్ తప్పక పట్టుకెళ్లండి. ఆ శిల్పం ఎత్తులో ఉంటుంది, కింద నుంచి ఫోన్‌తో తీస్తే ఆకులు, కాయలు ఏవీ తెలియవు.

గోడలు ఎందుకంత లావు? గంట గోపురం చర్చికి దూరంగా ఎందుకు కడతారు?

రెండింటికీ ముఖ్య కారణం భూకంపాలే. యూరప్‌లో బరోక్ అంటే పైకి ఎగసే ఎత్తులు. ఇక్కడ ఎత్తు పెంచితే కూలుతుందని అనుభవంతో తెలుసుకుని పొట్టిగా, వెడల్పుగా, బరువుగా కట్టారు. దీన్నే భూకంప బరోక్ అంటారు. గోపురం చర్చికి అంటుకుని ఉంటే అది కూలినప్పుడు చర్చి మీదే పడుతుంది, అందుకే ఇలోకోస్‌లో చాలాచోట్ల విడిగా కట్టారు. పవొయ్‌లో పగడపు రాతి గోపురం చర్చికి కాస్త ఎడంగా ఉంటుంది. స్పెయిన్ మీద తిరగబడినప్పుడు కతిపునాన్ విప్లవకారులు, రెండో ప్రపంచ యుద్ధంలో గెరిల్లాలు దాన్ని శత్రువుల రాకపోకలు గమనించే చోటుగా వాడుకున్నారు.

మేం క్రైస్తవులం కాదు. లోపలికి వెళ్లొచ్చా?

నిస్సంకోచంగా వెళ్లొచ్చు. ఎవరూ మీ మతం అడగరు. వెనక బెంచీలో కూర్చోవచ్చు, చేతులు జోడించి దండం పెట్టుకోవచ్చు, కానుక పెట్టెలో తోచింది వేసి కొవ్వొత్తి వెలిగించవచ్చు.

ఒక్కటి మాత్రం చేయకూడదు. పూజలో దివ్యసత్ప్రసాదం (గురువు ఇచ్చే అప్పం) ఇచ్చేటప్పుడు అందరితో పాటు వరసలో వెళ్లి తీసుకోకండి. మన గుళ్లలో ప్రసాదం ఎవరికైనా ఇస్తారు కాబట్టి కొందరు అలాగే అనుకుని వెళ్తుంటారు. కతోలికులకు అది క్రీస్తు శరీరమే. జ్ఞానస్నానం పొంది, సిద్ధపడినవారే తీసుకుంటారు. ఆ సమయంలో మీ బెంచీలో కూర్చుని ఉంటే చాలు. ఇతర సంఘాల క్రైస్తవులకు కూడా ఇదే వర్తిస్తుంది.

చెప్పులు బయట విడవాలా? ఎలాంటి బట్టలు వేసుకోవాలి?

విడవనక్కర్లేదు. మన పల్లెల్లో గుడి బయట చెప్పులు వదిలి చాపల మీద కూర్చునే అలవాటు ఉంది. అక్కడ అంతా బెంచీలే, చెప్పులతోనే వెళ్తారు. బట్టల విషయంలో మాత్రం జాగ్రత్త: పొట్టి నిక్కర్లు, చేతుల్లేని బనియన్లు, బీచ్ బట్టలు వద్దు. బొహోల్‌లో సముద్రం నుంచి నేరుగా చర్చికి వచ్చే టూరిస్టులు ఎక్కువ, అలా వస్తే గుమ్మం దగ్గరే ఆపేయవచ్చు. బ్యాగులో ఒక చున్నీ, ఒక ప్యాంటు ఉంచుకోండి. మగవాళ్లు లోపల టోపీ తీసేయాలి.

పూజ జరుగుతుంటే ఫొటోలు తీయొచ్చా?

వద్దు. ఎక్కడైనా బోర్డు లేకపోయినా, పక్కవాళ్లు ఫోన్ ఎత్తినా, మీరు తీయకండి. పూజ వేళలు గుమ్మం పక్కన రాసి ఉంటాయి, ఆదివారం ఉదయం నుంచి రాత్రి దాకా వరసగా ఉంటాయి. ఫొటోల కోసమైతే మంగళవారం నుంచి గురువారం మధ్య, ఉదయం పూజ అయ్యాక వెళ్లడం మంచిది. మనీలాలో శాన్ అగస్టీన్ పెళ్లిళ్లకు చాలా పేరున్న చర్చి, శనివారాల్లో ఒక పెళ్లి తర్వాత ఇంకో పెళ్లి జరుగుతూ ఉంటుంది.

పూజ లేకపోయినా కొన్ని చోట్ల కెమెరా దించాలి. పాపసంకీర్తనం చేసుకుంటున్నవారు (గురువు దగ్గర తప్పులు ఒప్పుకుంటున్నవారు), శవపేటిక దగ్గర కూర్చున్న కుటుంబం, మోకాళ్ల మీద బలిపీఠం వైపు నడుస్తూ మొక్కు తీర్చుకుంటున్నవారు. వెనుక నుంచి నీడలా తీస్తే పర్లేదు కదా అని అడుగుతారు. నా అభిప్రాయంలో అదీ తప్పే. ఏడుస్తూ ప్రార్థించే మనిషి మన ఫొటో కోసం అక్కడికి రాలేదు.

బలిపీఠం ఉన్న ఎత్తైన భాగంలోకి కెమెరాతో ఎక్కవద్దు. దివ్యసత్ప్రసాద మందసం (ఆ అప్పాన్ని భద్రపరిచే పెట్టె) దగ్గర ఎర్రదీపం వెలుగుతుంటే అక్కడ ప్రత్యేకంగా మౌనం పాటించాలి.

అనుమతి ఎవరిని అడగాలి? ఎలా అడగాలి?

చర్చి పక్కనే విచారణ (పారిష్) ఆఫీసు ఉంటుంది, అక్కడ అడగండి. ఇంగ్లిష్ అందరికీ వచ్చు. అయినా ఒక్క వాక్యం వాళ్ల భాషలో అడిగితే ముఖాలు వికసిస్తాయి: "పువేదె పో బంగ్ కుముహ నంగ్ లిత్రాతో?" అంటే ఫొటో తీసుకోవచ్చా అండీ అని. మధ్యలో ఉన్న "పో" మన "అండీ" లాంటిది, పెద్దవాళ్లతో మాట్లాడేటప్పుడు వదలకండి. "సలామత్ పో" అని ధన్యవాదాలు చెప్పండి. గురువును ఫాదర్ అని పిలిస్తే సరిపోతుంది.

సొంతానికి తీసుకునే ఫొటోలకు మామూలుగా అభ్యంతరం ఉండదు. చర్చికి ఆనుకున్న మ్యూజియంలకు టికెట్ ఉంటుంది, అక్కడి రూల్స్ వేరుగా, ఎక్కువ కఠినంగా ఉంటాయి. పాత వస్త్రాలు, చేతిరాత పాటల పుస్తకాలు, దంతపు బొమ్మలు ఉండే గదుల్లో కెమెరాలే వద్దనవచ్చు.

ఫ్లాష్, ట్రైపాడ్ వాడొచ్చా?

ఫ్లాష్ అసలు వద్దు. పాత రంగులకు మంచిది కాదు, ప్రార్థించేవారికి ఇబ్బంది. పైగా అంత పెద్ద హాల్లో మీ చిన్న ఫ్లాష్ మొదటి నాలుగు బెంచీలు దాటదు. ట్రైపాడ్‌కు ముందే అనుమతి కావాలి. చాలాచోట్ల ఇవ్వరు. బెంచీ వీపు మీద మోచేతులు ఆనించి, ఊపిరి బిగబట్టి తీస్తే సెకనులో పదిహేనో వంతు దాకా షార్ప్‌గా వస్తుంది.

లోపల చీకటిగా ఉంటుంది. సెట్టింగ్స్ ఎలా పెట్టుకోవాలి? ఫోన్ చాలదా?

మందపు గోడలు, చిన్న కిటికీలు కాబట్టి లోపల వెలుతురు తక్కువే. ఐఎస్ఓ 1600 నుంచి 6400 మధ్య మొహమాటం లేకుండా పెంచుకోండి. కాస్త గ్రెయిన్ ఉన్నా ఫర్వాలేదు, కదిలిపోయిన ఫొటోను బాగుచేయలేం. రా ఫార్మాట్‌లో తీయండి, ఎందుకంటే ఒకే ఫ్రేమ్‌లో తలుపు నుంచి వచ్చే ఎండ, పసుపు బల్బులు, తెల్ల ఎల్‌ఈడీలు మూడూ పడతాయి, తర్వాత రంగులు సరిచేసుకోవాల్సి వస్తుంది. ఎక్స్‌పోజర్ కిటికీ వెలుతురుకు తగ్గించి పెట్టుకుంటే నీడల్ని తర్వాత లేపుకోవచ్చు. కాలిపోయిన తెలుపును వెనక్కి తేలేం.

వెడల్పాటి దృశ్యానికి 16 నుంచి 35 మిల్లీమీటర్ల లెన్స్, శిల్పాలకు 70 నుంచి 200. రెండిట్లో ఒక్కటే తీసుకెళ్లగలిగితే నేను రెండోదే తీసుకెళ్తాను. వెడల్పాటి ఫొటో ఫోన్ బాగానే తీస్తుంది. ఎత్తులో ఉన్న దేవదూత ముఖాన్ని ఫోన్ తీయలేదు.

ఫోన్ మాత్రమే ఉన్నా బాధపడకండి. నైట్ మోడ్ ఆన్ చేసి, ఫోన్‌ను బెంచీకి ఆనించి, రెండు సెకన్ల టైమర్ పెట్టండి. ఏసీ వ్యాన్‌లోంచి దిగగానే లెన్స్ మీద ఆవిరి పడుతుంది, తుడవకుండా కాసేపు ఆగితే అదే పోతుంది.

ఫొటోల్లో గోపురాలు వెనక్కి పడిపోతున్నట్టు వస్తున్నాయి. ఎందుకు?

కెమెరాను పైకి వంచుతున్నారు. దాన్ని నేలకు సమంగా పట్టుకుని, వెనక్కి నడవండి. ప్లాజా ఉన్న ఊళ్లలో వెనక్కి వెళ్లడానికి బోలెడంత చోటు ఉంటుంది. ఫ్రేమ్‌లో కింద నేల ఎక్కువ వస్తే తర్వాత కత్తిరించుకోండి. ఎడిటింగ్‌లో నిలువు గీతలు సరిచేసుకోవచ్చు కానీ, అలా చేస్తే అంచులు కొంత పోతాయి, అందుకు ముందే చుట్టూ కాస్త ఖాళీ వదిలి తీయాలి.

శాన్ అగస్టీన్ లోకప్పును ఎలా తీయాలి?

దీని గురించి వివరంగా చెప్పాలి. ఆ కప్పు మీద పూల చెక్కడాలు, గళ్లు, చట్రాలు పొడుచుకొచ్చినట్టు కనిపిస్తాయి. నిజానికి అక్కడ చెక్కడమేమీ లేదు, అంతా రంగులే. చేజరె అల్బెరోని, జొవాన్ని దిబెల్లా అనే ఇద్దరు ఇటాలియన్ చిత్రకారులు 1875లో వేశారు. గుమ్మం దగ్గర, మధ్య దారిలో, మళ్లీ పక్క బెంచీ దగ్గర నిలబడి చూడండి. నీడలు ఎటు పడాలో ముందే లెక్కవేసి వేశారు కాబట్టి చోటు మారే కొద్దీ మాయ బలపడుతుంది, ఒక్కోచోట వీగిపోతుంది.

నిలువుగా పైకి తీస్తే అది చదునైన బొమ్మ అని తెలిసిపోతుంది. గుమ్మానికి దగ్గరగా, మధ్య దారికి సరిగ్గా నడుమ నిలబడి, పారిస్ నుంచి తెచ్చిన షాండ్లియర్ల వరస, కప్పు, దూరాన బలిపీఠం మూడూ వచ్చేలా తీస్తే ఆ లోతు ఫొటోలోకి వస్తుంది. మీ ముక్కు బలిపీఠం మధ్యలోని సిలువకు సూటిగా ఉండాలి. ఒక అడుగు పక్కకు జరిగినా రెండు పక్కలూ సమంగా రావు.

బయట ఫొటోకు ఏ వేళ మంచిది?

చర్చి ముఖం ఏ దిక్కుకుందో మ్యాప్‌లో ముందే చూసుకోండి. తూర్పు ముఖమైతే ఉదయం, పడమర ముఖమైతే సాయంత్రం. ఎండ ఏటవాలుగా పడితేనే చెక్కడాలు లేచి కనిపిస్తాయి, నడినెత్తిన ఎండలో పగడపు రాయి సున్నం గోడలా వెలవెలబోతుంది. వాన వెలిసిన వెంటనే తీసిన ఫొటోలు కూడా బాగుంటాయి, తడిసిన ఇటుక రంగు లోతు పెరుగుతుంది.

డ్రోన్ ఎగరేయొచ్చా?

పౌర విమానయాన సంస్థ రూల్స్ ప్రకారం విమానాశ్రయాల దగ్గర, జనం మీదుగా ఎగరేయకూడదు. చర్చి మీదుగా అయితే విచారణ గురువు అనుమతి కూడా కావాలి. ఇంట్రామురోస్‌లో ఆ ఆలోచనే మానుకోండి.

ప్రీవెడ్డింగ్ షూట్ చేసుకోవచ్చా?

ఫిలిప్పీన్స్‌లో ఇది మామూలే, వాళ్లు ప్రీనప్ షూట్ అంటారు. చర్చికి ఫీజు, రాతపూర్వక అనుమతి ఉంటాయి. ఇంట్రామురోస్‌లో వీధుల్లో ప్రొఫెషనల్ షూట్‌కు ఇంట్రామురోస్ అడ్మినిస్ట్రేషన్ అనుమతి విడిగా తీసుకోవాలి. అనుమతి దొరికినా బలిపీఠం ముందు సినిమా పోజులు పెట్టకండి. ప్రాంగణం, ఊతగోడలు, కొన్వెంటో వరండా చాలు, పైగా అక్కడ వెలుతురూ బాగుంటుంది.

ఏ నెలల్లో వెళ్లాలి? పండగలకు వెళ్లడం మంచిదేనా?

డిసెంబర్ నుంచి ఫిబ్రవరి వరకు హాయిగా ఉంటుంది. ఏప్రిల్, మే ఎండలు మన ఎండలకు తీసిపోవు. జూన్ నుంచి నవంబర్ వరకు తుపాన్లు వస్తాయి కాబట్టి ఫెర్రీ, విమానాల టికెట్లు మార్చుకునే వీలు ఉండేలా చూసుకోండి.

కట్టడం చూడాలంటే మామూలు రోజుల్లో, మనుషుల్ని చూడాలంటే పండగకు వెళ్లాలి. డిసెంబర్ 16 నుంచి 24 వరకు తొమ్మిది రోజులు తెల్లవారుజామున సింబాంగ్ గబి పూజలు జరుగుతాయి. చీకట్లో ప్లాజా అంతా నక్షత్ర దీపాలు, పూజ అయ్యాక బయట వేడివేడిగా బిబింకా, పుతో బుంబోంగ్ అనే బియ్యం పిండి వంటకాలు. సెబులో జనవరి మూడో ఆదివారం సినులోగ్. 1521లో నావికుడు మాజెల్లన్ సెబు రాణికి ఇచ్చిన బాలయేసు ప్రతిమను ఇప్పటికీ అక్కడి శాంటో నిన్యో బసిలికాలో కొలుస్తారు. ఆ రోజు కెమెరా బ్యాగు వీపున కాకుండా ముందు వేసుకోండి, జనం ఇసుకేస్తే రాలరు.

ఈస్టర్‌కు ముందు వచ్చే పవిత్ర వారం సంగతి వేరు. గురువారం ఏడు చర్చిలు తిరిగి ప్రార్థించే విసీతా ఇగ్లేసియా ఆచారం చూడదగ్గది. కానీ ఆ రోజుల్లో చాలా చర్చిల్లో విగ్రహాలను ఊదారంగు గుడ్డతో కప్పేస్తారు, శుభ శుక్రవారం బలిపీఠం బోసిగా ఉంటుంది. విగ్రహాల కోసం వెళ్లేవారు తపస్కాలం (ఈస్టర్‌కు ముందు ఉపవాస కాలం) చివరి రెండు వారాలు మానుకోవడం మేలు.

గంట గోపురం ఎక్కనిస్తారా?

కొన్నిచోట్ల ఎక్కనిస్తారు, భూకంపాల తర్వాత చాలాచోట్ల మూసేశారు. 2022 జూలై భూకంపంలో వీగన్ పక్కనున్న బాంతాయ్ గోపురం రాళ్లు రాలాయి. వెళ్లే ముందు స్థానికంగా కనుక్కోండి.

గంటలకు పెద్ద చరిత్రే ఉంది. సమార్ దీవిలోని బలాంగిగ చర్చి గంటలు మూడింటిని 1901లో అమెరికన్ సైనికులు యుద్ధ చిహ్నాలుగా పట్టుకుపోయారు. ఆ ఊరివాళ్లు అడుగుతూనే ఉన్నారు. 2018 డిసెంబర్‌లో అవి తిరిగొచ్చాయి. ఊరి గంట అంటే ఊరికి ఎంతో అర్థం కావాలంటే బలాంగిగ వెళ్లాలి.

బొహోల్ చర్చిలు భూకంపంలో కూలిపోయాయి కదా, ఇప్పుడు చూడటానికి ఏముంది?

2013 అక్టోబర్ 15న వచ్చిన 7.2 తీవ్రత భూకంపంలో లూన్, మరిబొహోక్ చర్చిలు పూర్తిగా కూలాయి, లోబోక్, బక్లయోన్ దారుణంగా దెబ్బతిన్నాయి. తర్వాత ఏళ్ల తరబడి శిథిలాల్లోంచి రాళ్లు ఏరి, వేరుచేసి, పాత కొలతల ప్రకారం మళ్లీ నిలబెట్టారు. బక్లయోన్ ముందుగా సిద్ధమైంది, లోబోక్, లూన్ 2021లో తెరుచుకున్నాయి.

"అయితే ఇది అసలుది కాదు, కొత్తది" అని పెదవి విరిచేవారు ఉన్నారు. నేను ఒప్పుకోను. ఈ చర్చిల్లో చాలావాటిని ఒకటికి రెండుసార్లు బాగుచేసుకుంటూ వచ్చారు. మియాగావ్ 1898 పోరాటంలో, మళ్లీ 1910లో కాలింది, 1948 భూకంపంలో దెబ్బతింది, 1960 తర్వాత మళ్లీ సరిచేశారు. ఊరు తన గుడిని మళ్లీ మళ్లీ కట్టుకోవడం కూడా దాని చరిత్రే. లోబోక్‌లో గోడ మీద పాత రాయి, కొత్త రాయి కలిసే గీత కనిపిస్తుంది. దాన్ని ఫొటోలోంచి తప్పించకండి, దగ్గరగా వెళ్లి తీయండి.

ఇక్కడే ఫొటోగ్రాఫర్ల పని విలువ తెలుస్తుంది. కూలిన చెక్కడం ఎలా ఉండేదో తేల్చడానికి పాత ఫొటోలు ఆధారమవుతాయి. కాబట్టి అందమైన ఫ్రేమ్‌తో ఆగకుండా తలుపు, కిటికీ చట్రం, నేల రాళ్లు, గోడ మీద శాసనం, పగుళ్లు ఒక్కోటి సూటిగా, సాదాగా తీసి, తేదీతో దాచుకోండి. విచారణ ఆఫీసుకు ఒక కాపీ పంపితే ఇంకా మంచిది. 2025 సెప్టెంబర్ 30న ఉత్తర సెబులో వచ్చిన భూకంపంలో కూడా పాత చర్చిలు దెబ్బతిన్నాయి. ఇవాళ ఉన్నది రేపు ఉంటుందన్న నమ్మకం ఆ దేశంలో లేదు.

జనం అంతగా వెళ్లనివి, కానీ చూడాల్సినవి?

మనీలా కియాపో దగ్గర శాన్ సెబాస్టియన్ బసిలికా. అంతకుముందు అక్కడి రాతి చర్చిలు భూకంపాలకు కూలిపోతుంటే, విసిగి 1891 నాటికి మొత్తం ఉక్కుతోనే కట్టేశారు. భాగాలు బెల్జియంలో తయారై ఓడల్లో వచ్చాయి. లోపల స్తంభాలు పాలరాయి అనుకుంటారు, అది ఉక్కు మీద రంగు. తడి గాలికి ఆ ఉక్కు తుప్పు పడుతోంది, దాన్ని కాపాడే పని సాగుతోంది. త్వరగా చూడమని గట్టిగా చెబుతాను.

రెండోది లాస్ పిన్యాస్‌లోని వెదురు ఆర్గన్. దియెగో సెరా అనే గురువు 1816లో మొదలుపెట్టి 1824లో పూర్తిచేశాడు. 1031 గొట్టాల్లో 902 వెదురువే. పురుగు పట్టకుండా వెదురును ముందు సముద్రపు ఇసుకలో పాతిపెట్టారు. 1970లలో దాన్ని జర్మనీ పంపి బాగుచేయించారు. ఇది ఫొటో తీసి వచ్చేసేది కాదు, కూర్చుని వినాల్సింది. ఫిబ్రవరిలో వెదురు ఆర్గన్ సంగీతోత్సవం జరుగుతుంది.

బికోల్ వైపు వెళ్తే మయోన్ అగ్నిపర్వతం ఎదురుగా కాగ్‌సావా శిథిలాలు. 1814 ఫిబ్రవరి 1 విస్ఫోటనంలో ఊరు పూడిపోయి, చర్చి గోపురం పైభాగం మిగిలింది.

పాత పునీతుల విగ్రహాలు అమ్ముతున్నారు. కొని తెచ్చుకోవచ్చా?

పాతవి కొనకండి. వాటిలో కొన్ని చర్చిల నుంచి దొంగిలించినవి. సెబులోని బోల్‌హోన్ చర్చి ప్రసంగ వేదిక పలకలు ఎన్నో ఏళ్ల కిందట మాయమై, 2024లో ప్రైవేటు సేకరణ నుంచి నేషనల్ మ్యూజియంకు విరాళంగా వచ్చాయి. వాటిని గుర్తుపట్టిన బోల్‌హోన్ ప్రజలు, సెబు అగ్రపీఠం (ఆర్చ్‌బిషప్ పరిధిలోని చర్చి పాలన) మా గుడివి మాకు ఇవ్వండని నిలదీశారు. పురావస్తువులు దేశం దాటించడానికి అక్కడి వారసత్వ చట్టం ప్రకారం అనుమతి కావాలి. దంతపు బొమ్మలైతే మన దేశంలోకి తేవడమే నేరం. గుర్తుగా కావాలంటే పయెతె ఊరి చెక్కపనివాళ్ల దగ్గర కొత్తది కొనండి, డబ్బు నేరుగా పనిచేసిన చేతికి వెళ్తుంది.

వలస పాలకులు కట్టించిన వాటిని ఇంతగా మెచ్చుకోవడం సబబేనా?

అడగాల్సిన ప్రశ్నే. ఈ గోడల వెనుక వెట్టి ఉంది. పోలో ఇ సెర్విసియో అనే పద్ధతిలో 16 నుంచి 60 ఏళ్ల మగవాళ్లు ఏడాదికి 40 రోజులు ప్రభుత్వానికి పనిచేయాలి, 1884లో దాన్ని 15 రోజులకు తగ్గించారు. రాళ్లు మోసినవారి పేర్లు ఏ ఫలకం మీదా ఉండవు. స్థానికుడన్న కారణంతో సన్యాస సభలో చేర్చుకోకపోతే, అపొలినారియో దె లా క్రూజ్ అనే యువకుడు సొంతంగా ఒక భక్త సంఘం పెట్టుకున్నాడు. 1841లో అతన్ని చంపేశారు. 1872 ఫిబ్రవరి 17న గోమెస్, బుర్గోస్, జమోరా అనే ముగ్గురు గురువులను తిరుగుబాటు నేరం మోపి బహిరంగంగా చంపారు. ఫిలిప్పీనో గురువుల హక్కుల కోసం గొంతెత్తినవారు వాళ్లు.

కాబట్టి వీటిని స్పెయిన్ గొప్పతనంగా చూడటం నాకు నచ్చదు. మియాగావ్ గోడ మీది కొబ్బరిచెట్టును స్పెయిన్ గురువు చెక్కలేదు. శాన్ అగస్టీన్ ముందున్న సింహాలు మాడ్రిడ్ నుంచి రాలేదు. కట్టింది ఈ నేల మనుషులు, చైనా నుంచి వచ్చి స్థిరపడిన పనివాళ్లు. యుద్ధాల్లో దాచుకున్నది, భూకంపాల తర్వాత రాయి రాయి ఏరుకున్నది కూడా వీళ్లే. ఫొటో తీసేటప్పుడు ఆ చేతుల గుర్తుల కోసం వెతకండి: ఒక ఆకు కాస్త వంకరగా ఉంటుంది, ఒక దేవదూత ముఖం ఆ ఊరి పిల్లాడిలా ఉంటుంది.

ఈ చర్చిలతో మన ప్రాంతానికి ఏమైనా సంబంధం ఉందా?

ఉంది, అదంత తీయని జ్ఞాపకం కాదు. 1762లో మనీలాను పట్టుకోవడానికి బ్రిటిష్ నౌకలు బయల్దేరింది మద్రాసు నుంచే. వాటిలో మద్రాసు సిపాయిలూ ఉన్నారు. ఆ దాడిలో మనీలా చర్చిలు దోపిడీకి గురయ్యాయి, శాన్ అగస్టీన్ కూడా. 1764లో బ్రిటిష్‌వాళ్లు వెళ్లిపోయినా కొందరు సిపాయిలు తిరిగి రాకుండా మనీలా పక్కన కయింతాలో పెళ్లిళ్లు చేసుకుని ఉండిపోయారు. ఆ ఊళ్లో వాళ్ల వంశాల గురించి ఇప్పటికీ చెప్పుకుంటారు.

మన దగ్గరి కతోలిక చర్చిలు మాత్రం స్పెయిన్ పాలనతో వచ్చినవి కావు, ఆ నిర్మాణ శైలి ఇక్కడ వెతక్కండి.

వీసా, ప్రయాణం సంగతి?

2025 నుంచి భారతీయ పర్యాటకులకు 14 రోజుల వరకు వీసా లేకుండా అనుమతిస్తున్నారు. తిరుగు టికెట్, హోటల్ బుకింగ్ చూపించాలి, ఆన్‌లైన్‌లో ఈ-ట్రావెల్ ఫారం నింపాలి. రూల్స్ మారుతుంటాయి, టికెట్ కొనే ముందు ఎంబసీ వెబ్‌సైట్ చూడండి.

పవొయ్‌కు లవోగ్ దాకా విమానంలోనో, మనీలా నుంచి రాత్రి బస్సులోనో వెళ్లి అక్కడి నుంచి జీప్నీ (షేర్ జీపు లాంటి బండి) ఎక్కాలి. శాంటా మరియాకు వీగన్‌లో ఉండి వెళ్లిరావచ్చు. మియాగావ్ ఇలోయిలో సిటీకి 40 కిలోమీటర్లు. బొహోల్‌కు సెబు నుంచి ఫెర్రీలో సుమారు రెండు గంటలు.

మనీలాలో ఒక్కరోజే ఉంది. ఏం చూడాలి?

ఉదయం ఎనిమిదికల్లా ఇంట్రామురోస్ చేరుకోండి. శాన్ అగస్టీన్ చర్చి, దాని మ్యూజియం కలిపి మూడు గంటలు ఇవ్వండి. మ్యూజియం వదిలేస్తే చర్చి సగమే చూసినట్టు. నడిచి వెళ్లేంత దూరంలో మనీలా కెథెడ్రల్ ఉంది. యుద్ధంలో కూలాక 1958కి కట్టింది కాబట్టి అది స్పానిష్ కాలపుది కాదు, పోల్చి చూడటానికి బాగుంటుంది. మధ్యాహ్నం భోజనం చేసి శాన్ సెబాస్టియన్‌కు టాక్సీలో వెళ్లండి. సాయంత్రం పూజ మొదలయ్యేలోపు, రంగు అద్దాల్లోంచి పడే వెలుతురు ఉండగానే తీయాల్సినవి తీసుకుని, కెమెరా బ్యాగులో పెట్టేయండి. పూజకు ఉంటారా, వెళ్లిపోతారా అన్నది మీ ఇష్టం.